దారి చెప్పారు, పొమ్మనలేదు

విమానం శబ్దం ఎక్కడి నుంచి వినిపిస్తుందో అక్కడ విమానం ఉండదు. చూపును ఇంకాస్త ముందుకు పంపాలి. జువ్వలదిన్నె సముద్రపొడ్డు ఇసుకలో, ఎండుచేపల మీద వాలే కాకుల్ని తోలుతూ, స్వర్ణ ఈ సంగతి ఏడేళ్ల వయసులోనే కనిపెట్టింది. ఇరవై మూడేళ్లకు మళ్లీ అదే ఇసుకలో కూర్చుని, చెన్నై వైపు జారిపోతున్న తెల్లటి చుక్కను వెతుక్కుంటోంది. అప్పుడు ఆ చుక్క లోపల ఏముంటుందో తెలియదు. ఇప్పుడు ఆమె అరచేతులకు విమానం పిడిలోని వణుకు తెలుసు. పదకొండు రోజులుగా ఆ చేతులు ఖాళీగా ఉన్నాయి.

చేపల గంపతో పోతున్న కామమ్మ ఆగింది.

“ఏం మే పైలట్టమ్మా, మీ ఇమానానికి గానీ పంచరయిందా? ఇన్ని దినాలు ఇంటికాడే ఉండావే!”

“సెలవులు పెద్దమ్మా.”

“సెలవులిస్తే మొఖం ఇట్టా ఉంటదా? ఇంకేందో ఉండాది లే,” అనుకుంటూ వెళ్లిపోయింది.

సెలవులు కావు. ఎక్కడో ఇంకో రాష్ట్రంలో ఉన్న శిక్షణ స్కూలు ఆమెను ఎగరనివ్వకుండా ఆపేసింది.

పక్కన గురువు లేకుండా ఒంటరిగా విమానం నడపడం ఆమెకు ఆ రోజు తొమ్మిదోసారి. రన్‌వే మీదికి వచ్చి ఆగమన్నారు, ఆగింది. కాసేపటికి టవర్‌లోని కంట్రోలర్ రేడియోలో చెప్పాడు: బయలుదేరాక ఎడమకు తిరగండి, రెండు వేల అడుగుల దాకా ఎక్కండి. ఆమె ఆ మాటలు తిరిగి అప్పజెప్పింది. కంట్రోలర్ చెప్పింది దారి మాత్రమే. టేకాఫ్‌కు అనుమతి వేరే రావాలి. ఆమె దారిని అనుమతి అనుకుంది. ఆమె అప్పజెప్పింది దారినే కదా అని అతను ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం ఆమెకు ‘సరే’ అన్నట్టు తోచింది. విమానం పరుగు అందుకుంది. రన్‌వే అవతలి కొసలో ఇంకో విమానం అడ్డంగా దాటుతోంది. ఆగండి, ఆగండి అని టవర్ అరిచింది. రెండు వందల గజాల ఇవతల ఆగగలిగింది.

జరిగిందేమిటో రాసి సోమవారం స్కూలు విచారణ కమిటీకి ఇవ్వాలి. పనికిరాదు అన్నారంటే చదువు అక్కడితో సరి. ఆమెకు నేర్పిన రవి కుమార్ గారు తెలుగాయనే. ఆ ఉదయమే ఫోన్ చేశారు.

“రేడియోలో గరగర వచ్చింది, సరిగ్గా వినపడలేదు అని రాసెయ్యమ్మా. మళ్లీ ఎగరాలా, వద్దా?”

“ఎగరాలి సార్.”

“మరింకేం!”

వాక్యం చిన్నదే. దాని అవతల ఆకాశం మొత్తం ఉంది. ఆమె కాగితం తీసుకుంది. పెన్ను కదలలేదు. గరగర లేదు. మాట స్పష్టంగానే వినపడింది. పరుగు మొదలుపెట్టే ముందు ఒక్క క్షణం, ఇది పొమ్మనడమేనా అని లోపల ఏదో గింజుకుంది. అడగడానికి నోరు రాలేదు. ఎందుకు రాలేదో ఆమెకే అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున తండ్రి మునెయ్య వెంట ఒడ్డుకు వెళ్లింది. పెద్ద మరబోట్లకు హార్బర్ ఉంది గానీ చిన్న ఫైబర్ బోట్లు ఇప్పటికీ ఇసుక మీద నుంచే నీళ్లలోకి దూకుతాయి. మోకాళ్లు అరిగిపోయి వేట మానేసిన మునెయ్య గట్టున నిలబడి కెరటాలను లెక్కగడతాడు. పెద్ద కెరటాలు విరిగిపోయి నీళ్లు కాస్త తెరిపినిచ్చినప్పుడు తుండుగుడ్డ ఎత్తుతాడు. ఎత్తగానే బోటు కదలాలి. పోదామా అని మళ్లీ అడగడం ఆ ఒడ్డున అపశకునం. అడిగినవాడు పెద్దాయన మాటను కాదన్నట్టే. అడగని ఇళ్లలోనే స్వర్ణ పెరిగింది.

ఆమె చూస్తుండగా బోటు నురగను చీల్చుకుని అవతల పడింది.

“నాయినా, ఎప్పుడన్నా వాళ్లు నీ చెయ్యిని తప్పుగా అనుకున్నారా?”

మునెయ్య తుండు భుజాన వేసుకున్నాడు.

“మీ చిన్నాయన కిషోరు బోటు తిరగబడింది గుర్తుండాదా అమ్మణ్ణీ?”

“భుజం ఎముక విరిగింది గదా. పెద్ద అల కొట్టిందన్నారే.”

“అల ఏం చేసింది పాపం! నేను చెయ్యి ఎత్తింది ఎనక్కి లాగమని. వాడు పొమ్మన్నాననుకున్నాడు.”

“అడగలేదా?”

“ఆస్పత్రిలో చెప్పినాడు. ‘నువ్వు చెయ్యి అదోలా ఊపినావన్నా, అనుమానమొచ్చింది, అడిగితే నీకు చిన్నతనమని దూకించినా’ అని. ఇద్దరం కలిసి నేరం సముద్రం మీద ఏసేసినాం. అది ఏమన్నా నోరు తెరిచి చెప్పుద్దా?”

“మరి తరవాత ఏం మార్చినారు?”

“ఏం మార్చేది? తప్పు మాది కాదని చెప్పినాక ఏం మారుస్తాం?” అన్నాడు తండ్రి. ఆ తర్వాత బోటు చిన్నదయ్యే దాకా నీళ్లకేసే చూశాడు.

స్వర్ణ ఇంటికొచ్చి రాసింది. రేడియో బాగానే ఉంది. నాకు అనుమానం కలిగింది. అడగలేదు. మా ఊళ్లో అడగరు. చివరి వాక్యం కొట్టేయబోయి, ఉంచేసింది.

కమిటీ ఆమెను పంపేయలేదు. అలాగని రెక్కలూ ఇవ్వలేదు. ఒంటరిగా ఎగిరే అర్హత రద్దు చేశారు. పాతిక గంటలు గురువు పక్కన కూర్చుని మొదటినుంచి నేర్చుకోవాలి. ఆ తర్వాత చూస్తామన్నారు.

“గరగర అని రాసుంటే ఈపాటికి ఒక్కదానివే తిరుగుతుండేదానివి,” అన్నారు రవి కుమార్ గారు పక్క సీట్లో బెల్టు బిగించుకుంటూ. ఆయన గొంతులో కోపం లేదు.

విమానం రన్‌వే మీదికి వచ్చి ఆగింది. టవర్ దారి చెప్పింది. కుడికి తిరగాలి, పదిహేను వందల అడుగులు. ఆమె అప్పజెప్పింది. ఒక్క క్షణం ఆగింది. రేడియో బటన్ మళ్లీ నొక్కింది.

“ఇది టేకాఫ్‌కు అనుమతేనా?”

“కాదు. అక్కడే ఆగండి.” ఆ గొంతులో కాస్త విసుగుంది. తోటి విద్యార్థులంతా ఆ రేడియోలోనే వింటూ ఉంటారు.

“ఆగుతున్నాను,” అంది స్వర్ణ.

ఎదురుగా రన్‌వే. దాని కొసన ఎండకు గాలి నీళ్లలా కదులుతోంది. అవతల ఆకాశం నేలను తాకేంత కిందికి వంగి ఉంది. రెండు పాదాలూ బ్రేకుల మీద గట్టిగా ఆనించి, ఆమె దాని వైపే చూస్తూ ఉండిపోయింది.