చాప మామయ్య తనిఖీ

అపెనిసా మామయ్య ఎక్కడికి తనిఖీకి వెళ్లినా ముందు చాప పరిచి నిద్రపోయేవాడు. ఉద్యోగుల ఆరోగ్యానికి కంపెనీలు చేశామని చెప్పుకునే ఏర్పాట్లు నిజంగా అమలవుతున్నాయా అని చూడటం ఆయన ఉద్యోగం. సువా నగరంలో మిగతా తనిఖీదార్లు కాగితాలు చూసేవారు. ఈయన చంకలో చాపతో దిగేవాడు.

ఒక బ్యాంకులో యోగా క్లాసు మొదలైన కాసేపటికే గురక పెట్టి, "బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అని మెచ్చుకుని వచ్చాడు. రేవు ఆఫీసులో ఒత్తిడి తగ్గించే ఉపన్యాసం మాత్రం ఆయనకు నచ్చలేదు. "ఏం ఉపన్యాసమయ్యా, రెప్ప వాలనివ్వలేదు."

ఆయన బట్టల ఫ్యాక్టరీకి వచ్చిన రోజు కుట్టుమిషను ముందు లిటియానాకు నడుం విరిగిపోతోంది. కడుపులో బిడ్డకు నెలలు నిండుతున్నాయి. విశ్రాంతి గది తలుపు మీద నవ్వుతున్న తల్లి బొమ్మ ఉంది, దాని కింద తాళం ఉంది. ఇవాళ కూడా నడుం వాల్చే చోటు దొరక్కపోతే పని మానేయక తప్పదు. మానేస్తే ఇల్లు గడవదు.

మేనేజరు సెమిసి తాళం తీశాడు. లోపల కప్పు దాకా గుడ్డల బేళ్లు.

"తాత్కాలికం, మామయ్యా."

"పడుకుంటే గాని తెలియదు" అంటూ మామయ్య మిషన్ల మధ్య దారిలోనే చాప పరిచి గురక అందుకున్నాడు.

ఇక చూడాలి తమాషా. కూర్చున్న పెద్దల పక్కనుంచి వెళ్లాలన్నా నడుం వంచి, "తులో" అని మన్నింపు కోరే ఊరది. పడుకున్న పెద్దాయన తల మీదుగా మూటలు మోసే మొనగాడెవడు? మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. నిలబడి లేపితే తప్పు గనక సెమిసి మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చాడు.

"తులో, మామయ్యా. లోపల పడుకోండి."

"లోపల బేళ్లున్నాయిగా నాయనా" అన్నాడు మామయ్య కళ్లు తెరవకుండానే.

"సరుకు ఇవాళే ఓడెక్కాలి, మామయ్యా."

జవాబుగా గురక వచ్చింది. సెమిసి చొక్కా చేతులు మడిచి బేళ్లు మోయడం మొదలుపెట్టాడు.

"ఇన్నాళ్లకు మనవాడి నడుం వంగింది" అంది పక్క మిషను వనీసా.

"నా నడుం సంగతి ఎప్పుడడిగాడు గనక" అంది లిటియానా.

గది ఖాళీ అయ్యాక మామయ్య చాప లోపలికి మార్చి లిటియానాను పిలిచాడు. "అమ్మాయ్, సరిగ్గా పరిచానో లేదో చూసి చెప్పు." ఆమె చూడబోయి ఒరిగింది. ఒరిగి నిద్రపోయింది.

గురకకు మెలకువ వచ్చింది. చాప మీద తనొక్కతే ఉంది. మామయ్య తలుపు ఓరగా వేసి, గడప దగ్గరికి ఒక బేలు లాక్కుని దాని మీద కూర్చుని, కళ్లు పత్తికాయలు చేసుకుని, టీలో బిస్కెట్ ముంచుకుంటూ గురక పెడుతున్నాడు. బయట సెమిసి గొంతు: "ష్, పెద్దాయన పడుకున్నాడు. ఎవరూ లోపలికి పోకండి."

"మీరు అసలు నిద్రపోరా, మామయ్యా?"

"పగలు పడుకుంటే నాకు రాత్రి నిద్ర పట్టదమ్మా."

"మరి రేపు మీరుండరుగా."

"చాప ఉంటుంది. ఇక్కడే వదిలి వెళ్తున్నా. పెద్దవాడి చాప మీద బేలు పెట్టే ధైర్యం వాడికుందా?"

లిటియానా నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మామయ్య బిస్కెట్ మింగి, గొంతు సవరించుకుని, మళ్లీ గురక అందుకున్నాడు.