పెట్టెచెక్క పైపు

బహ్రెయిన్‌లో అరాద్ వెళ్లే బస్సెక్కాను. ఇక్కడే పనిచేస్తూ ఊపిరితిత్తులు చెడి చనిపోయిన మా అన్న స్వయంగా చెక్కుకున్న పొగాకు పైపు నా చేతిలో ఉంది. పక్కసీటులోని పెద్దమనిషి వడ్రంగినని చెప్పి, దాన్ని అడిగి తీసుకుని వాసన చూశాడు.

"ఇది సామాన్ పెట్టెల చెక్క తమ్మీ. లోపల పచ్చగున్నది చూడు. పురుగు పట్టకుంట మందు ఎక్కిస్తరు. దీంట్లనే తాగిండా మీ అన్న?"

"మూడేళ్లు," అన్నాను.

"అయ్యో! ఇంటికెల్లి గింజలొలిచి ఎండిన మక్కజొన్న బెండు తెప్పించుకుంటే అయిపోతుండె గద. దాంతోని మంచి పైపు అయితది."

ఆయన పైపును సీటు మీద పెట్టి, రుమాలుతో చేతులు గట్టిగా తుడుచుకున్నాడు.

నాలుగు మక్కబెండ్లు పంపమని అన్న రెండుసార్లు ఫోన్లో అడిగాడు. బెండ్లు కూడా బహ్రెయిన్‌కి పంపుతారా అని నవ్వి, నేను పంపలేదు.