గుట్ట మీద దాచిన డబ్బా

చిక్కబళ్ళాపురం ఆఫీసులో నా పక్క సీటుకు కొత్తగా వచ్చిన అమ్మాయి ఒకరోజు భోజనాల వేళ జియోక్యాషింగ్ గురించి చెప్పింది. ఎవరో ఒక డబ్బాను ఆరుబయట దాచి, ఆ చోటును యాప్‌లో గుర్తు పెడతారు. మనం ఫోన్ పట్టుకుని వెతుక్కుంటూ పోవాలి. దొరికితే లోపలున్న చిన్న పుస్తకంలో పేరు రాసి, డబ్బాను మళ్ళీ దాచేసి రావాలి.

"మనకేం వస్తుంది?" అన్నాను.

"దొరికిందన్న సంతోషం సార్."

యాభై దాటినవాణ్ణి, ఆ మాటకు పడిపోయాను. చింతామణిలో ఇంటికొచ్చి యాప్ తెరిస్తే, బట్లహళ్ళి దారిలో ఒక బండరాళ్ళ గుట్ట మీద చుక్క కనిపించింది. ఇరవై ఏళ్ళుగా ఆ గుట్ట పక్కనుంచే బస్సులో పోతున్నాను. ఒక్కసారి తలెత్తి చూసిన పాపాన పోలేదు.

ఆ ఆదివారం బాగేపల్లి నుంచి మా అక్క వచ్చింది. బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి. తోడు రమ్మంటే, "కండ్లద్దాలు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా ఎతికేవాడివి, కొండ మీద డబ్బా నీకు యాడ దొరుకుతాదిరా?" అంటూనే చెప్పులు వేసుకుంది.

గుట్టెక్కాక ఫోన్ నాలుగు మీటర్లంది. నాలుగు అడుగులు వేస్తే పదకొండంది. గంటసేపు సీతాఫలం పొదల్లో దూరి, మోచేతులు గీరుకున్నాను. అక్క నీడన కూర్చుని, "ఎడమకు పో, కాదు, కుడికి" అని ఊహించి చెబుతోంది.

మేకలు తోలుకుంటూ ఒక పెద్దామె వచ్చి నిలబడింది.

"ఏం పోగొట్టుకున్నావప్పా?"

చూసేవాళ్ళకు ఆట సంగతి తెలియనివ్వకూడదని యాప్‌లో రాసి ఉంది. "ఏం లేదమ్మా, ఊరికే," అన్నాను.

"ఊరికే ఎవురూ బండల కింద చేతులు పెట్టరు. నిక్షేపాలు తవ్వను వచ్చింటే ఇప్పుడే చెప్పు, ఊర్లోవాళ్ళను పిలుస్తా."

అక్క ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, పిల్లలకు పాఠం చెప్పినట్టు ఆటంతా విప్పి చెప్పేసింది. పెద్దామె సాంతం విని, "ఆ డబ్బానా?" అంది. "వానకు కిందికి కొట్టుకొచ్చింటే మేకలు కొరుకుతా ఉన్నాయి. తీసి పైన పెట్టినా. అదో, ఆ సందులో ఉండాది."

ఆమె తన కర్రతో సందులో గెలికి, తేళ్ళు లేవని చూసి, డబ్బాను నా చేతికిచ్చింది. మూత మీద మేక పళ్ళ గాట్లు. లోపల పుస్తకం, పెన్సిలు ముక్క, ఒక గోళీ. నా పేరు రాశాను. అక్షరాలు కుదురుగా లేవని అక్క వంక పెట్టి, తన పేరు ముత్యాల్లా రాసుకుంది. తర్వాత పెన్సిలు పెద్దామెకిచ్చింది.

"నేనేందమ్మా రాసేది. మూడో క్లాసుకే మాన్పిచ్చిరి."

"బడిలో నేర్చిన కన్నడం వచ్చు కదా. రాయి."

ఆమె పుస్తకాన్ని మోకాలి మీద పెట్టుకుని ఒక్కో అక్షరం గుర్తు తెచ్చుకుంటూ రాసింది. మేకలు చాలా దూరం పోయాయి. ఒక ఒత్తు తప్పింది. జీవితమంతా ఎర్ర సిరాతో దిద్దిన మా అక్క దాన్ని చూసింది. "బాగుంది" అని పుస్తకం మూసింది.

డబ్బాలోంచి ఒక వస్తువు తీసుకుంటే బదులు ఒకటి పెట్టాలి. అక్క గాజుకున్న పిన్నీసు తీసి డబ్బాలో వేసి, గోళీని కొంగున ముడేసుకుంది.

"దొరికినాక మళ్ళా దాచేదేం ఆటప్పా," అంటూ పెద్దామే డబ్బాను సందులో పెట్టి, ముళ్ళు లేని దారి చూపించింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూ ముందు దిగారు. వెనక నేను, మేకలు.

ఇప్పుడు అక్క ఫోన్‌లోనూ ఆ యాప్ ఉంది. ఆమెకు నాలుగు దొరికాయి, నాకు రెండు. గౌరిబిదనూరు వైపు ఒకటుందట, కలిసి పోదామా అని అడిగాను. ఆలోచించి చెబుతానంది.