నేను చెరిపిన బంతి గుర్తు

మురియెల్‌కు జనం కొట్టిన చప్పట్లలో కొన్ని నాకు రావలసినవి. ముప్ఫై ఏళ్లుగా ఈ మాట అంటూనే ఉన్నాను. వినేవాళ్లే తగ్గిపోయారు.

ఫ్రాన్స్‌లో ల్వార్ నది పక్కన మా ఊరి టెన్నిస్ క్లబ్బులో ఎర్రమట్టి కోర్టుల పని మా నాన్నది. ఆయన తర్వాత నాది. మట్టి మీద ఎక్కడ గుర్తు కనబడినా కాలితో చెరిపేయడం నాకు చిన్నప్పటి అలవాటు. అదే కొంప ముంచింది. పదిహేడో ఏట, జిల్లా ఫైనల్లో, నేను గెలవడానికి ఒక్క పాయింటు కావాలి. అవతల ఆడుతున్న మురియెల్ కొట్టిన బంతి గీతకు రెండు వేళ్ల అవతల పడింది. "అవుట్!" అని అరిచి, ఆ సంతోషంలో బూటుకాలితో గుర్తును రుద్దేశాను. అంపైరు కుర్చీ దిగి వచ్చేసరికి అక్కడేమీ లేదు. గుర్తు చెరిపామంటే బంతి లోపలే పడిందని ఒప్పుకున్నట్టే లెక్క. పాయింటు దానికిచ్చారు. ఆ తర్వాత కాళ్లూ చేతులూ ఆడక ఓడిపోయాను.

గెలిచినదాన్ని పారిస్‌లో శిక్షణకు తీసుకెళ్లారు. పదకొండేళ్లు దేశాలు తిరిగి ఆడింది. ప్రపంచంలో డెబ్బై నాలుగో స్థానం దాకా ఎక్కింది. ఫ్రెంచ్ ఓపెన్ జరిగే రోలాఁ గారోస్‌లో మూడో రౌండు ఒక్కసారి చూసింది. అది ఓడిన రోజు పేపరు రెండుసార్లు చదివేదాన్ని. మోకాలు పాడై ఆట మానేసిందని తెలిసిన రోజు, చెప్పడానికి సిగ్గే, అన్నం మానలేదు సరికదా ఇంకో గ్లాసు వైన్ పోసుకున్నాను.

మొన్న జూన్‌లో ఒకటో కోర్టుకు దాని పేరు పెట్టారు. ఆ కోర్టుకు నీళ్లు చల్లి, మట్టి చదునయ్యేలా దాని మీద వల ఈడ్చి, గీతలు తుడిచింది నేనే. మురియెల్ కుంటుతూ వచ్చి, నా బుగ్గలకు బుగ్గలు ఆనించింది.

"ఏమే ఒదిల్, ఇంకా ఇక్కడే ఉన్నావా?"

"నేనెక్కడికి పోతానే? నన్నెవరు పిలిచారు గనక?"

"ఇంకా ఆ బంతి దగ్గరే ఆగిపోయావన్నమాట."

"ఒక్కసారి చెప్పు. అది అవుటా, కాదా?"

అంతలో దాన్ని మాట్లాడమని ముందుకు పిలిచారు. మైకు చేతికివ్వగానే అందరి ముందూ అనేసింది. "ఆ ఫైనల్ ఒదిల్‌ది. బంతి బయటే పడింది. నా కళ్లతో చూసి కూడా నోరు మూసుకున్నాను."

ముప్ఫై ఏళ్లుగా నాకు కావలసిన మాట అదే. చీపురు పట్టుకుని వెనకాల నిటారుగా నిలబడ్డాను, ఎవరైనా నా వైపు తిరుగుతారేమోనని. జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. "ఎంత నిజాయితీ!" అంటూ క్లబ్బు అధ్యక్షుడు కళ్లు తుడుచుకున్నాడు.

ఆ చప్పట్లూ దానికే.