వట్టి అనుమానం

పంతొమ్మిది వందల అరవైల్లో నేను కుటుంబ సలహాల చదువు చదువుతూ, ఫీల్డ్ వర్కు కోసం నరసరావుపేటలో ఒక ఆసుపత్రికి వచ్చాను. "ఈపూరు దగ్గర పల్లెలో ఒకావిడకి మొగుడి మీద వట్టి అనుమానం. అదొక జబ్బు. వెళ్లి నెమ్మదిగా మాట్లాడు," అన్నారు మా మాస్టారు. ఆ మొగుడే వచ్చి ఆయన దగ్గర మొర పెట్టుకున్నాడట.

వెళ్లాను. పిల్లలెందుకు కలగలేదు, ఇద్దరూ ఎక్కడ పడుకుంటారు, గొడవ ఎక్కడ మొదలవుతుంది అని, నేర్పినవన్నీ అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నీకు పెళ్లయిందా?" అంది. లేదన్నాను.

"అనుకున్నా. ఈయనకి రెండో సంబంధం చూస్తన్నారని నాకు తెలవదనుకున్నావా? ఇల్లు చూసుకోను వచ్చావా అమ్మాయ్?"

నాకు ఒళ్లు మండింది. ఇంత చదువుకుని ఈ మాట పడాలా? మాస్టారు చెప్పింది నిజమే, ఈవిడకి జబ్బే అనుకుని, పంతం కొద్దీ మరుసటి వారం మళ్లీ వెళ్లాను.

ఈసారి మొగుడు ఇంట్లోనే ఉన్నాడు. పొలం పోయే వేళప్పుడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నూనె రాసి తల దువ్వుకుని కూర్చున్నాడు. అతని తల్లి నాకు కుర్చీ వేసి, చేతికి మజ్జిగ ఇచ్చి, "మీరేమిట్లమ్మా?" అని కులం అడిగింది. ఆ వెంటనే ఇంకోటి అడిగింది. భార్య వంటింటి గడప మీద నిలబడి నా మొహమే చూస్తోంది. నేను మజ్జిగ ముట్టకుండా లేచొచ్చేశాను.

"ఆవిడ జబ్బు ఎంతవరకొచ్చింది?" అన్నారు మాస్టారు.

"వాళ్లత్త నన్ను వంటొచ్చా అని అడిగింది సార్," అన్నాను.