ఎర్రచుక్క వెనక మొహం

డోయల్ హకబీ ఒకప్పుడు మనిషిని చంపాడని ఓక్లహోమాలోని ఆ సరస్సు ఒడ్డు ఊళ్లో అందరికీ తెలుసు. అయినా చేపల ఎరలూ చల్లని బీరూ అతని కొట్లోనే కొనేవాళ్లు. షెరీఫ్ పోలీసుల్లో డిప్యూటీగా ఉన్న రోజుల్లో, కత్తితో మీదికొచ్చిన తాగుబోతును కాల్చాడు. వాడి మొహం ఎలా ఉంటుందో మాత్రం డోయల్‌కు తెలియదు. పాతరకం పిస్తోలుతో గురిపెట్టేవాడు గొట్టం చివరి ఇనుప మొననే చూడాలి. కన్ను దాని మీద నిలిస్తే ఎదుటి మనిషి మసకబారిపోతాడు. డోయల్ ఆ మసకను కాల్చి, ఇంటికెళ్లి, భోంచేసి పడుకున్నాడు. హాయిగా నిద్ర పట్టింది. పట్టక ఏం చేస్తుంది?

అరవై దాటాక ఆ మొన కనబడటం మానేసింది. కూతురు రెనీ కొట్టు వెనక గదిలో పిస్తోళ్లకు గురి అద్దాలు బిగించేది. చేతివేలంత అద్దం, అందులో బ్యాటరీతో వెలిగే ఎర్రచుక్క. ఆమె పనితనానికి పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చేవాళ్లు.

"ఊరందరికీ అద్దాలు బిగించి, సొంత తండ్రికి గుడ్డిగురి అంటే నా పరువేం కాను? ఇటియ్యి" అంది.

"ఆ గాజుపెంకు నాకెందుకే? ఓసారి కింద పడితే సరి."

"అది పగలదు. నువ్వు పడితే నువ్వే పగుల్తావు."

బిగించాక కూడా ముసలాయన అలవాటు చావలేదు. చేయి చాచి చుక్కకోసం వెతుక్కునేవాడు. రెనీకి ఒళ్లు మండేది.

"చుక్కతో నీకేం పని నాన్నా? రెండు కళ్లూ తెరిచి ఎదుటోణ్ణి చూడు. అదే వచ్చి వాడి మీద కూర్చుంటుంది. ముందు ముందు దూరమూ గాలీ కూడా అద్దమే లెక్కేస్తుందట."

"అయితే కాల్చేది కూడా దాన్నే కాల్చమను. నేను చేపలు పట్టుకుంటా."

ఆగస్టులో ఒక మధ్యాహ్నం రెనీ బీరు పెట్టెలో మంచు పోస్తుంటే, పొట్టి తుపాకీతో ఒకడు లోపలికొచ్చాడు. వస్తూనే ఎరచేపల తొట్టిని కాల్చాడు. గాజూ నీళ్లూ చేపపిల్లలూ నేలంతా పరుచుకున్నాయి. తుపాకీ మడమతో రెనీ దవడ మీద కొట్టాడు. ఆమె నోట్లోంచి రక్తమూ పన్నూ కలిసి పడ్డాయి.

"డబ్బు తియ్యవే. తీస్తావా, పేల్చెయ్యనా?" అని గొట్టం ఆమెకేసి తిప్పాడు.

గాలాల అర వెనక ఉన్న డోయల్ పిస్తోలు తీశాడు. కూతురు నేర్పినట్టే రెండు కళ్లూ తెరిచి వాణ్ణి చూశాడు. చుక్క వచ్చి వాడి ముక్కు మీద కూర్చుంది. దాని వెనక మొహమంతా తేటగా కనబడింది. ఇరవై ఏళ్లుంటాయేమో వెధవకి. మీసం సరిగా మొలవలేదు. పెదవి మూల పుండు. వాడు ఏడుస్తున్నాడు. ట్రిగ్గర్ మీద డోయల్ వేలు కదల్లేదు. ఇంతకాలం ఏ పిస్తోలూ అతనికి మనిషిని చూపించలేదు మరి.

వాడి తుపాకీ పేలింది. రెనీ కుడి మోచేయి ముక్కలైంది.

అప్పుడు కాల్చాడు డోయల్. మొదటి తూటా మెడలో దిగింది. వాడు తడి నేల మీద మోకాళ్లూని, గొంతు పట్టుకుని అతనికేసి చూశాడు. డోయల్ కాలుస్తూనే ఉన్నాడు, పిస్తోలు ఖాళీ అయ్యేదాకా. ఒక్కొక్క తూటా ఎక్కడ తగిలిందో ఆ అద్దంలోంచి చూశాడు.

ఆసుపత్రిలో రెనీ చేయి మోచేతి దగ్గర తీసేశారు. మెలకువ రాగానే, వాచిన దవడతో ముద్దముద్దగా అడిగింది.

"చుక్క వెలగలేదా నాన్నా? బ్యాటరీ పోయిందా? నేనే చూసుకోవాల్సింది."

అవునంటే సరిపోయేది. ఆ మాట అతని నోటి దాకా వచ్చింది. ఛీ అనుకున్నాడు.

"వెలిగింది తల్లీ. వాడి మొహం కనబడింది. ఏడుస్తున్నాడు. నా వేలు ఆగిపోయింది."

రెనీ తన చేతి కట్టుకేసి చూసింది.

"బయట డిప్యూటీలు కూర్చున్నారు. ఎందుకు ఆలస్యమైందని అడిగితే బ్యాటరీ పోయిందనే చెప్పు."

"నీ పనికే మచ్చ కదే. ఇంకెవడూ నీ దగ్గరికి పిస్తోలు తీసుకురాడు."

"ఏ చేత్తో బిగిస్తానని తెస్తారు నాన్నా?"

డోయల్ లేచి బయటికెళ్లి, కూతురు చెప్పమన్నట్టే చెప్పాడు.