ఎర్ర గీతలు చదవని వదిన

మా వదినకు అబద్ధం ఆడటం రాదు. పొరుగావిడ జుట్టు పొట్టిగా కత్తిరించుకుని వచ్చి ఎలా ఉందని అడిగితే, "మీకు నప్పలేదండీ" అని మొహం మీదే చెప్పి ఆవిడతో మాటలు పోగొట్టుకున్న మనిషి. అలాంటి మనిషి మా అన్నయ్యకు అబద్ధం చెప్పింది. అదీ ఒక్కసారి కాదు.

అన్నయ్య ప్రింటింగ్ ప్రెస్‌లో కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చేవాడు. శుభలేఖలూ, కరపత్రాలూ, సంతాప పత్రాలూ అన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్లేవి. చూపు ముందు అంచుల నుంచి పోయింది. పక్కన నిలబడ్డ మనిషి కనిపించడు, ఎదురుగా ఉన్న అక్షరం మాత్రం కనిపిస్తుంది. కొన్నాళ్లకు ఆ అక్షరమూ పోయింది. ఇక చేయగలిగిందేమీ లేదన్నాడు డాక్టరు. ప్రెస్ యజమాని మంచివాడే, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ పనిలోంచి మాన్పించాడు.

కళ్లు మరిచినా వేళ్లకు కీబోర్డు గుర్తుంది. ఆ వేళ్లను నమ్ముకుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటానన్నాడు అన్నయ్య. చూపు లేనివాళ్లను కూడా తీసుకునే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకటి ఉందనీ, దాని పరీక్ష ఇంట్లోనే రాసి పంపొచ్చనీ ఎవరో చెప్పారట. నేను పై వాటాలో ఉంటాను. నాకు నోరు ఆగదు.

"అన్నయ్యా, పాతికేళ్ల పిల్లలకే దొరకడం లేదు ఆ ఉద్యోగాలు. నీకెవరిస్తారు?" అన్నాను.

"నీ నోటికున్న స్పీడు నా వేళ్లకుంటే ఈపాటికి నేనే ఒక కంపెనీ పెట్టేవాణ్ణి" అన్నాడు.

తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. అది గుక్క తిప్పుకోకుండా వాగుతుంటే రెండు రోజులు భరించి, "దీనికంటే మా చెల్లెలే నయం" అని తీసేశాడు. దాంతో ఆ పని వదిన మీద పడింది. కంప్యూటర్ పక్కన ఒక కుర్చీ వేసుకుని కూర్చునేది. ఇంగ్లీషు ఆవిడకు అక్షరం అక్షరం కూడబలుక్కుంటే తప్ప రాదు. అయినా పని సాగడానికి ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. రాసిన ప్రోగ్రామును కంప్యూటరే పరీక్షించి, సరిగా ఉన్న చోట పచ్చ గీత, తప్పున్న చోట ఎర్ర గీత చూపిస్తుంది. ఎర్ర గీత పక్కన ఆ తప్పేమిటో ఒక వాక్యం ఉంటుంది. అన్నయ్య రాయడం ఆపి, "పచ్చా, ఎరుపా?" అని అడుగుతాడు. పచ్చ అయితే ముందుకు వెళ్తాడు. ఎరుపు అయితే వదిన ఆ వాక్యాన్ని అక్షరాలుగా చెబుతుంది, ఆయన దిద్దుకుంటాడు.

మొదట్లో అన్నీ ఎరుపే. మెట్లు దిగుతుంటే నాకు "ఎరుపు", "ఎరుపే", "మళ్లీ ఎరుపేనండీ" అని వినిపించేది. అన్నయ్య విసుక్కునేవాడు కాదు. అదే వదినకు భరించరానిదైంది. తిట్టినా బాగుండేదని నాతో అంది. మాట్లాడకుండా నుదురు రుద్దుకుంటూ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. తిండి తగ్గిపోయింది. చొక్కా వదులైపోయింది.

ఒక మధ్యాహ్నం, ఉదయం నుంచీ వదలని తప్పు దగ్గర ఆయన అన్నం పళ్లెం ముట్టకుండా పక్కకు జరపడం వదిన చూసింది. "పచ్చా, ఎరుపా?" అని అడిగాడు.

"పచ్చ" అంది.

అన్నయ్య నవ్వాడట. చూపు పోయాక అలా నవ్వడం అదే మొదటిసారట. "ఆకలేస్తోందోయ్, ఏమైనా పెట్టు" అన్నాడట. ఆ పూట కడుపు నిండా తిన్నాడు. ఆ నవ్వు రుచి మరిగింది మా వదిన. ఆయన మరీ అలిసిపోయిన రోజుల్లో ఎర్ర గీతలు చదవడం మానేసింది. అవి చిన్న తప్పులే అయి ఉంటాయనుకుంది. ఆ తప్పుల మీదే ఆయన మిగతాదంతా కట్టుకుంటూ పోతున్నాడని ఆవిడకు తెలియదు.

పరీక్ష రాసి పంపారు. కొన్నాళ్లకు కంపెనీ నుంచి ఫోన్ వస్తే, అందరం వినాలని అన్నయ్య స్పీకర్ పెట్టాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"సార్, సగానికి సగం ఎర్రగా ఉంది. చూసుకునే పంపారా?" అన్నాడు అవతలి కుర్రాడు. పాపం, అన్నయ్యకు చూపు లేదని అతనికి తెలియదు.

అన్నయ్య వదిన వైపు మొహం తిప్పి, "చూసుకునే పంపామండీ" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక వదినే నోరు విప్పింది. "ఆ రోజు మీరు నవ్వారండీ. మళ్లీ నవ్వుతారని..."

అన్నయ్య కేకలు వేయలేదు. "ఎరుపు చెడ్డదని నీకెవరు చెప్పారు?" అన్నాడు నెమ్మదిగా. "ఎక్కడ పడ్డానో నాకు చెప్పేది అదొక్కటే. అది కూడా తీసేస్తే నాకింకేం మిగిలింది?"

మర్నాడు, అప్పట్లో అటకెక్కించిన ఇయర్‌ఫోన్లు నాచేత దింపించాడు. వాగుడుకాయ అని తిట్టి తీసేసిన ఆ గొంతునే మళ్లీ పెట్టించుకున్నాడు. దాని వేగం చెవికి పట్టడానికి నెలలు పట్టింది. పట్టు వదల్లేదు. కానీ చెవుల్లో అవి దూర్చుకున్నాక ఇంట్లో మాట పోయింది. వదిన కుర్చీ మీద మడతపెట్టిన బట్టలు చేరాయి. ఆవిడ కాఫీ తెచ్చి వెనక నిలబడితే ఆయనకు తెలిసేది కాదు. అది చల్లారాక మళ్లీ వంటింట్లోకి తీసుకుపోయేది.

"నువ్వు పాఠం నేర్చుకుంటున్నావో, ఆవిడకు శిక్ష వేస్తున్నావో చెప్పు" అని ఒకరోజు నిలదీశాను.

"రెండూ కాదు చెల్లీ. తను మళ్లీ పచ్చ అంటే నమ్మేస్తానేమోనని భయం వేస్తోంది" అన్నాడు.

రెండోసారి పరీక్ష పంపాడు. ఈసారి అన్నీ పచ్చగానే ఉన్నాయని నాతో ధైర్యంగానే అన్నాడు. జవాబు వచ్చిన రోజు నేను ఆయన గదిలో కిటికీ తుడుస్తున్నాను. ఇయర్‌ఫోన్లలో ఆ గొంతు సన్నగా గొణగడం వినిపించింది. వింటున్న ఆయన మొహం చూశాను. నాకు అర్థమైంది. ఆయన ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏమోయ్, ఒకసారి ఇలా రా. కంపెనీ జవాబు వచ్చింది, చదువు" అన్నాడు.

వదిన తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. తెర వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను. ఆవిడ చదవడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరమే పట్టుకుని చదివింది. ఈసారి కూడా తీసుకోలేకపోతున్నామన్న మాట దగ్గరా ఆగలేదు. ప్రోగ్రాము సరిగానే ఉంది కానీ అది నడిచే వేగం చాలలేదని రాశారు. అదీ చదివింది. కింద ఉన్న కంపెనీ పేరు దాకా చదివింది.

"ఏమైనా వదిలేశావా?"

"లేదండీ."

అన్నయ్య తల ఊపాడు. ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"ఆ కుర్చీ మీద బట్టలు తీసి కూర్చో" అన్నాడు.

బట్టలు నేను అందుకున్నాను. వదిన కూర్చుంది. ఆయన వేళ్లు కీబోర్డు మీద కాసేపు కదిలి ఆగాయి.

"పచ్చా, ఎరుపా?"

"ఎరుపేనండీ" అంది వదిన.